మూల చేప

పోయింది, కరెంటు పోయింది, సరిగ్గా మూడు గంటలకి, ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది గానీ చేపల తొట్టెలో మోటారు గురగుర మాత్రం ఠక్కున ఆగిపోయింది, ఆ చప్పుడు ఉన్నంతసేపూ చెవిలో జోరీగే, ఆగితే మాత్రం నా గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే అది ఆగిందంటే నేను మొదలవ్వాలి. స్టూలు లాక్కున్నాను, ఎక్కాను, మూత పక్కకి జరిపి మగ్గు ముంచాను. ముంచి, చెయ్యి భుజం దాకా ఎత్తి, సన్నటి ధారగా పొయ్యాలి, బుడగలు రావాలి, ఆ బుడగల్లోంచే వాటికి గాలి. ఆయన నేర్పాడు. పెళ్లయి పదహారేళ్లలో ఆయన పక్కన నిలబడి, విసుక్కోకుండా నాకు నేర్పిన విద్య ఇదొక్కటే. ఇలాంటప్పటి కోసమే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఉంది, ఉంది గానీ అందులో బ్యాటరీలు లేవు, మా మరిది తీసుకెళ్లి టీవీ రిమోట్లో వేసుకున్నాడు, వేసుకున్నది మరిదైనా చూసుకోనిది నేనవుతాను, ఇది ఇంకా ఎవరూ అనలేదు, సాయంత్రానికి అంటారు. ఫోను చేస్తే మా ఆయన, ఎక్కడో తీగ కాలిందట, గంటన్నర పడుతుందట, నువ్వు అక్కణ్ణుంచి కదలకు, నేనిక్కడ లిఫ్టులో ముగ్గురు ఇరుక్కుపోతే తీస్తున్నా అని పెట్టేశాడు. అదీ ఆయన ఉద్యోగం. ఊళ్లో ఎక్కడ ఎవరు ఇరుక్కున్నా వెళ్లి తలుపు తీసి బయటికి లాగుతాడు, పాపం వాళ్లు ఆయన చేతులు పట్టుకుని దండాలు పెడతారట.

పొయ్యి, ముంచు, ఎత్తు, పొయ్యి. గోడ గడియారానికి కరెంటుతో పని లేదు, అది తిరుగుతూనే ఉంది, మూడూ పది. నాలుగున్నరలోపు నేను ఒక్క మాట చెప్పాలి. వస్తాననో రాననో. ఉద్యోగం చేసుకునే ఆడపిల్లల హాస్టలు, బస్సులో మూడు గంటల దూరం, వార్డెను పని, మెట్ల కింద ఒక గది, దానికో కిటికీ, ఒక మంచం, తలుపుకి లోపలివైపు గడియ. ఆ గడియ చూసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనయింది, సిగ్గులేకుండా చెప్తున్నాను, దాన్ని వేసి తీసి వేసి తీసి చూస్తుంటే పెద్ద మేడమ్ నవ్వి, గట్టిదేనమ్మా, పాడవలేదు అంది. ఆవిడే పొద్దున ఫోను చేసి, నాలుగున్నర దాకా ఆగుతాను, తర్వాత ఇంకొకావిడకి చెప్పేస్తాను, ఏమనుకోకండి అంది. నేనేమనుకుంటాను. నేనేమనుకున్నా చెప్పడానికి ఈ ఇంట్లో చోటేదీ. మూడు గదుల తలుపులూ ఈ హాల్లోకే, హాల్లో ఆరడుగుల తొట్టె, తొట్టె ముందు నాదీ ఆయనదీ మా అమ్మాయిదీ మూడు పరుపులు చుట్టి గోడకి ఆనించి. మొదటి గదిలో మా అత్తగారు మంచం మీద పడుకుని ఉంది, ఆవిడ మంచంలోంచి చూస్తే నా నడుము దాకా కనిపిస్తుంది, రెండో గదిలో మా ఆడపడుచు తలుపు ఓరగా వేసుకుని ఫోను చూసుకుంటోంది, మూడోది మరిదిది, అతను లేనప్పుడు తాళం వేసే ఉంటుంది. నేను గుసగుసగా మాట్లాడినా వంటింట్లో గిన్నెలక్కూడా వినిపిస్తుంది. ఫోను తొట్టె మూత మీద పెట్టాను, తడవకుండా, కనిపించేలా.

దొర పైకొచ్చాడు. ఎర్రటి ఒళ్లు, నెత్తి మీద బొప్పి, రెండు జానల పొడుగు, ఈ తొట్టెకి వాడే యజమాని, కుడివైపు పెద్ద రాయి వాడిది, దాని పక్కన ఇంకెవరైనా నీడలా మెదిలినా ఊరుకోడు. తర్వాత కవల. అడుగున మీసాలది, దానికి లోకంతో పని లేదు, అద్దం నాక్కుంటూ పోతుంది. మచ్చలది, పళ్లు బయటికే ఉంటాయి. ఇంకో మూడిటికి పేర్లు పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఎనిమిదోది మూలది, మోటారు గొట్టం వెనకాల, పైన, నిలువుగా, తోక సగం లేకుండా. ఇవన్నీ ఒకదాన్నొకటి చంపుకునే జాతులు, మొదట ఆయన రెండే తెచ్చాడు, వారం తిరగకుండా ఒకటే మిగిలింది, అప్పుడు చేపల షాపతను చెప్పాడట, సార్, రెండుంటే ఒకటి చస్తుంది, ఎనిమిది పెట్టండి, అన్నిటికీ తలా ఒక దెబ్బ, ఎవరూ చావరు, దెబ్బలు పంచుకోవాలి సార్. ఆ మాట ఆయనకి వేదమైపోయింది. అత్తగారికీ నాకూ పడటం లేదని నేను మొర పెట్టుకుంటే, వేరే ఇల్లు చూద్దామండీ, రెండు గదులైనా చాలు అంటే, ఆయన ఏం చేశాడు? మొగుడితో పడక వచ్చేసిన చెల్లెల్ని తెచ్చాడు. ఆవిడ వచ్చాక ఇల్లు ఇంకా రగిలితే, ఉద్యోగం మారిన తమ్ముణ్ణి తెచ్చాడు. జనం ఎక్కువుంటే గొడవ తక్కువుంటుందే, నువ్వే చూస్తావుగా అన్నాడు, ఎంతో నమ్మకంగా, నా మేలు కోరి. నెలకోసారి తొట్టెలో రాళ్లు అటూ ఇటూ మారుస్తాడు, ఎవరి చోటు ఏదో వాటికి గుర్తుండకూడదట, అలాగే ఇంట్లో మంచాలు కూడా మార్చాడు, మార్చీ మార్చీ చివరికి మేం హాల్లోకొచ్చి పడ్డాం. ఆయన చెడ్డవాడని ఎవరన్నారు. చెడ్డవాడైతే నా బతుకు ఇంకోలా ఉండేది, ఎప్పుడో తేలిపోయేది.

"ఏం చేస్తున్నావే?" లోపల్నించి అత్తగారు.

"నీళ్లు పోస్తున్నానత్తయ్యా."

"పొయ్యి. చప్పుడు కాకుండా పొయ్యి."

చప్పుడు కాకుండా పోస్తే గాలెలా వస్తుంది తల్లీ, చప్పుడే గాలి, అని చెప్పాలని నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. నా మాటలన్నీ అక్కడి దాకా వచ్చి వెనక్కి పోయేవే. మూడూ ఇరవై అయిదు, భుజం లాగేస్తోంది, చెయ్యి మార్చాను, ఎడమ చేత్తో ధార వంకరగా పోయి నేల మీద పడుతోంది, పడనీ. ఈ మూలదానికి ముందు ఇంకోటి ఉండేది, పసుపుది. దాన్నీ ఇలాగే అందరూ కలిసి కొరికి కొరికి పెట్టారు, పొలుసులు రాలిపోయి, ఒక కన్ను తెల్లబడిపోయి, చూడలేక ఆయన, నిజంగా చూడలేకే, వల వేసి తీసి బకెట్లో పెట్టి దానికి విడిగా గాలి గొట్టం పెట్టాడు, పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకున్నాడు. నాలుగు రోజులే. నాలుగో రోజు పొద్దున తొట్టెలో కవలల్లో ఒకటి పొట్ట పైకి పెట్టి తేలుతోంది. అప్పటిదాకా ఆ రెండూ ఒకదాని పక్కన ఒకటి ఒకే మేకుకి తగిలించినట్టు తిరిగేవి, అలాంటివి ఒకదాన్నొకటి పీక్కుతిన్నాయి, మచ్చలది దొర మీద పడింది, తొట్టెంతా చెత్త చెత్త అయింది. పరిగెత్తుకుంటూ షాపుకెళితే అతను నాలిక కరుచుకుని, అయ్యో సార్, దెబ్బలు తినేదాన్ని ఎందుకు తీశారు, దానివల్లేగా మిగతావి సఖ్యంగా ఉన్నది అన్నాడట. ఈలోగా పసుపుది బకెట్లోనే పోయింది. అప్పుడు ఆయన మూలదాన్ని తెచ్చాడు, దానికోసమే తెచ్చాడు, నేను పక్కనే ఉన్నాను షాపులో, నా చెవులతో విన్నాను, ఈసారి కాస్త మెత్తటిది ఇవ్వండి అన్నాడు.

మెత్తటిది. మా పెళ్లికి ముందు అత్తగారు మా అక్కని అడిగిందట, పిల్ల మెత్తటిదేనా అని. చదువెంత అని కాదు, వంటొచ్చా అని కూడా కాదు. మా అక్క మురిసిపోతూ, నోట్లో నాలుక లేదండీ మా చెల్లికి అంది. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని మా నాన్న అంటుండేవాడు, ఆయన మాట ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ఈ ఇంట్లో అత్త మీది కోపం దుత్త మీద కాదు, ఆఫీసు మీది కోపం, మొగుడి మీది కోపం, మోకాళ్ల మీది కోపం, రాని కరెంటు మీది కోపం, అన్నీ నా మీదే, అన్నిటికీ దుత్తని నేనే. సరే, పడ్డాను. పడటమే కాదు, దాన్ని చూసుకుని గర్వపడ్డాను, అదీ నన్ను ఇప్పుడు కాల్చేస్తున్నది. నాలుగేళ్ల కిందట కాలు విరిగి అక్క ఇంట్లో నెల్లాళ్లున్నాను, పిల్లని కూడా వెంట తీసుకెళ్లాను. ఆ నెలలో ఇక్కడ అన్నదమ్ములు చొక్కాలు పట్టుకున్నారట, తల్లీ కూతుళ్లు మాటలు మానేసి ఒకే స్టవ్ మీద రెండు వంటలు వండుకున్నారట. నెల తిరిగేసరికి నలుగురూ కట్టకట్టుకుని అక్క ఇంటికొచ్చారు, అత్తగారు నా చెయ్యి పట్టుకుని, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదే అంది. పిండి కట్టు తీయకముందే వచ్చేశాను. అక్కతో ఎంత గొప్పగా చెప్పుకున్నానో, చూశావా, నేను లేకపోతే ఒక్కరోజు నడవదు అని. ఓసి పిచ్చిదానా, నడవక కాదే, నీ మీద పడటానికి అలవాటైన పళ్లు ఊరుకోక.

మూడూ యాభై. నీళ్లు అప్పుడే వెచ్చబడుతున్నాయి, దొర నోరు తెరిచి మూస్తున్నాడు, వాడి బింకం అంతా పోయింది. అన్నీ పైకొచ్చేశాయి, ఒక్కొక్కటీ, మీసాలది కూడా, ధార పడే చోటికి చేరి మూతులు పైకెత్తి గుటకలేస్తున్నాయి, ఒకదాని ఒంటికి ఒకటి రాసుకుంటున్నాయి, ఒక్కటీ కొరకదు. ఇదేంటి, మూలది ఏదీ. గొట్టం వెనకాల లేదు. చచ్చిందా అని ఒక్క క్షణం చెయ్యి ఆగిపోయింది, తీరా చూస్తే నడిమధ్యలో ఉంది, దొరకీ మచ్చలదానికీ మధ్య, సగం తోకతో, అందరితో పాటు. అది వచ్చి రెండేళ్లు, ఆ మూల దాటి రావడం ఇదే మొదటిసారి. ఊపిరందకపోతే గానీ వీటికి సఖ్యం లేదు. నేను పొయ్యకపోతే అన్నీ కలిసి హాయిగా చస్తాయి, పోస్తే బతికి దాన్ని మళ్లీ మూలకి తరుముతాయి. ఛీ, ఏం ఆలోచనలివి, పొయ్యి, ముంచు, పొయ్యి. నా చేతులు నొప్పని కాదు, నాకు నిజంగా ఏడుపొస్తోంది. ఆడపడుచు తలుపు ఓరలోంచి చూసి, ఒక చెయ్యి వెయ్యనా వదినా అంది, అని నా జవాబు వినకుండానే తలుపు దగ్గరికేసుకుంది.

వెళ్లిపోవడం నాకు కష్టం కాదు. ఒక చేతి సంచీ, నాలుగు జతల బట్టలు, అంతే. కష్టం పిల్ల. గది ఒక్కరికేనమ్మా, మంచం ఒక్కటే, పిల్లలుంటే కుదరదు, ముందే చెప్తున్నా అంది పెద్ద మేడమ్, అయినా దాని బడి ఇక్కడ, పదో తరగతి ఇక్కడ, దాని స్నేహితులు ఇక్కడ, నెలకోసారి వచ్చి చూసుకోవచ్చులే అని నన్ను నేను మాయ చేసుకుంటూ ఉన్నాను, పోయిన వారం దాకా. ఆ హాస్టలు చూడ్డానికి వెళ్లిన రోజు, పంటి డాక్టరు దగ్గరికని చెప్పి పొద్దున వెళ్లి సాయంత్రం వచ్చాను. ఒక్క పూట. వచ్చేసరికి పిల్ల వంటింట్లో సింకు దగ్గర నిలబడి గిన్నెలు తోముతోంది, బడి బట్టలతోనే, కళ్లు ఎర్రగా. ఏమైందే అంటే ఏం లేదంది. హాల్లో మాత్రం తల్లీ కూతుళ్లూ మరిదీ ఎంతో సరదాగా కూర్చుని ఉన్నారు, అత్తగారు నన్ను చూసి, నీ కూతురికి గిన్నె తోమడం కూడా రాదే, అచ్చు నీ పోలికే అంది. ఒక్క పూటకే. నేను ఖాళీ చేసిన చోటు ఒక్క పూటైనా ఖాళీగా ఉండలేదు. ఇక నెలలంటే? సంవత్సరాలంటే? వెళితే పిల్ల మూలకొస్తుంది, ఉంటే నేను మూలలో ఉంటాను, అడకత్తెరలో పోకచెక్కంటే నేనే. నాకు పద్నాలుగేళ్ల కూతురు లేకపోతే ఈపాటికి బస్సులో ఉండేదాన్ని, ఈ మాట మనసులోకి వచ్చినందుకు నన్ను నేను చెంపలేసుకోవాలి.

నాలుగూ పన్నెండు. గుర్రుమంది. మోటారు గురక, ఫ్యాను, ఫ్రిజ్జు, లోపల అత్తగారి టీవీ, అన్నీ ఒకేసారి. మగ్గు చేతిలోనే ఉంచుకుని, దిగకుండా స్టూలు మీదే నిలబడి చూశాను, చూడకుండా ఉండలేకపోయాను. బుడగలు లేచాయి. చేపలు ఒక్కొక్కటీ కిందికి జారాయి. దొర రెండు గుటకలు మింగాడు, రెక్కలు విప్పాడు, ఒక చుట్టు తిరిగాడు, తన రాయి తనకుందో లేదో చూసుకున్నాడు. ఉంది. అంతే, వెనక్కి తిరిగి మూలదాని మీదికి దూకాడు. మచ్చలది వెంట. కవల వెంట. అది కొట్టుకుంటూ కొట్టుకుంటూ వెళ్లి గొట్టం వెనకాల దూరి నిలువుగా నిలబడింది, ఉన్న తోకలోంచి ఒక ముక్క నీళ్లలో తేలుతూ వచ్చింది. సరే. నాకు కావలసిన జవాబు వచ్చేసింది. నా పిల్లని ఆ గొట్టం వెనక్కి పంపను. ఫోను తీసుకున్నాను, రానని చెప్పేస్తాను, ఏమనుకోకండి మేడమ్ అంటాను, ఇంకొకావిడ ఆ గడియ వేసుకుని సుఖంగా నిద్రపోతుంది. పోనీలే, ఎవరో ఒకరు. చెయ్యి తడి, అద్దం మీద వేలు పనిచెయ్యడం లేదు, కొంగుకి తుడుచుకుంటున్నాను.

తలుపు తోసుకుని పిల్ల వచ్చింది. లిఫ్టు ఇంకా ఆడక కాబోలు నాలుగంతస్తులు ఎక్కి రొప్పుతోంది, సంచీ విసిరేసింది, రెండడుగులు వేసేసరికి నేను ఒలకబోసిన నీళ్లలో కాలు జారి గోడ పట్టుకుంది. పట్టుకుని నన్ను చూసింది. స్టూలు మీద, జబ్బల దాకా తడిసి, ఒక చేతిలో మగ్గు, ఒక చేతిలో ఫోను.

"ఇల్లంతా చెరువు చేశావేంటే? ఒక్క పనైనా సరిగ్గా తెలుస్తుందా నీకు?"

ఏంటే. నీకు. ఆ విరుపు, ఆ మెడ తిప్పడం, అచ్చు వాళ్ల నాయనమ్మదే. మొదటి గదిలోంచి నవ్వు వినిపించింది, మెచ్చుకోలు నవ్వు, అడుగు తల్లీ, నువ్వైనా అడుగు అంది అత్తగారు. పిల్ల మొహంలో చిన్న వెలుగు కనిపించింది, ఒక్క క్షణమే, ఎవరూ ఏమీ అనని వాళ్లలో చేరిపోయినదాని వెలుగు. నాకు కోపం రాలేదు. భయమేసింది. పిచ్చిదాన్ని, గంట సేపటి నుంచీ మూలకొస్తుందేమోనని వణికిపోతున్నాను, తొట్టెలో మూల ఒక్కటే ఉంటుందా, తప్పించుకోవాలంటే ఇంకో దారి ఉందిగా, అది చూసి నేర్చుకుంది. ఎవర్ని కొరికితే తనని కొరకరో నా పిల్లకి తెలిసిపోయింది. నేనిక్కడుంటే అది నన్ను కొరుక్కుంటూ బతుకుతుంది, నేను లేకపోతే దాన్ని వీళ్లు కొరుకుతారు, నేనుండి కాపాడింది ఏమిటి? నేను పోస్తున్నది ఏ నీళ్లు?

నాలుగూ ఇరవై రెండు. స్టూలు దిగలేదు. నంబరు నొక్కాను. గుసగుసగా మాట్లాడలేదు, టీవీ మీద గట్టిగా వినిపించేలా, పదహారేళ్లలో నా గొంతు ఇంత పెద్దదని నాకే తెలియదు.

"మేడమ్, వస్తున్నాను. రేపే. కానీ ఒక్కదాన్ని కాదండీ, మా అమ్మాయి కూడా. ఇద్దరం."

గది ఒక్కరికేనని చెప్పానుగా అమ్మా, ఇద్దరికీ ఇరుకైపోతుంది అంది ఆవిడ.

"ఇరుకు మాకు అలవాటేనండి. ఆ మంచం చాలు. కుదరదంటే చెప్పండి, నేను కూడా రాను."

టీవీ గొంతు తగ్గింది. రెండో గది తలుపు తెరుచుకుంది. అత్తగారు మంచం మీద లేచి కూర్చుంటున్న చప్పుడు, ఎక్కడికే, ఎవరితోనే ఆ మాటలు, పెద్దాడికి ఫోను చెయ్యవే అని కూతుర్ని కేకేస్తోంది. నేను ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను. సరే తీసుకురండి, దాని బడి సంగతి ఇక్కడికొచ్చాక చూద్దాం, తిండి మాత్రం ఒక్కరికే లెక్క అంటోంది పెద్ద మేడమ్. సరేనండీ, సరేనండీ అన్నాను, రెండుసార్లు.

పిల్ల నీళ్లలో అలాగే నిలబడి ఉంది. మొహంలో వెలుగు ఆరిపోయింది, దాని పాత మొహం, నా పిల్ల మొహం. ఇద్దరం అంటే నేనేనా అంది. మరెవరే అన్నాను. అది ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు, వచ్చి తొట్టె అద్దానికి మొహం ఆనించి గొట్టం వెనకాల చూసింది.

"మరి ఇది?"

"బకెట్ తే. మూతున్నది."

వంటింట్లోకి రెండడుగులు వేసి ఆగింది. వాళ్ల నాన్న కూతురు, అన్నీ చూసింది, అన్నీ విన్నది.

"దీన్ని తీసేస్తే మిగతావి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయిగా అమ్మా."

వల అందుకున్నాను. అత్తగారు గుమ్మం దాకా వచ్చింది, ఆవిడ వెనకాల ఆడపడుచు, ఇద్దరూ నన్నే చూస్తున్నారు.

"కొరుక్కోనీ" అన్నాను.